పోల్-జీరో బొమ్మలో అసలు ఏం చూడాలి? 50 హెర్ట్జ్ హమ్ లెక్కతో సమాధానం

ముందు మీ ప్రశ్నను కుదించి రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. ఈసీజీ సిగ్నల్ మీద ప్రాజెక్టు చేస్తున్నారు. శాంప్లింగ్ రేటు (సెకనుకు తీసే కొలతల సంఖ్య) 500 హెర్ట్జ్. కరెంటు లైన్ల నుంచి చేరే 50 హెర్ట్జ్ హమ్ తీసేయాలి. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ రాయడం, మ్యాట్‌ల్యాబ్‌లో పోల్-జీరో బొమ్మ గీయడం వచ్చు గానీ, ఆ బొమ్మ చూసి "పోల్స్ లోపల ఉన్నాయి కాబట్టి స్టేబుల్" అనడం తప్ప ఇంకేం చెప్పాలో తెలియడం లేదన్నారు. పోల్‌ను యూనిట్ సర్కిల్‌కు (వ్యాసార్థం 1 ఉన్న వృత్తానికి) ఎంత దగ్గరగా జరిపితే నాచ్ (ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర తీసే గుంట) అంత సన్నబడుతోంది కదా, పోల్ వ్యాసార్థం 0.999 పెట్టేస్తే పోలేదా అన్నది రెండో ప్రశ్న. ఇంటర్నెట్‌లో దొరికే ఎంఐటీ-బీఐహెచ్ ఈసీజీ డేటా మీద ఇదే ఫిల్టర్ వేస్తే హమ్ అలాగే ఉండిపోయిందేమిటన్నది మూడోది.

మూడింటికీ జవాబు ఒకే చోట ఉంది. ఆ బొమ్మలో కోణం ఫ్రీక్వెన్సీని చెబుతుంది, వ్యాసార్థం జ్ఞాపకాన్ని చెబుతుంది. మొదటిది అందరూ నేర్చుకుంటారు, రెండోదాన్ని పరీక్ష కోసం "ఒకటి కంటే తక్కువ" అని గుర్తు పెట్టుకుని వదిలేస్తారు. మీ 0.999 ఆలోచన పుట్టింది అక్కడే.

జెడ్-ప్లేన్ మీద ప్రతి బిందువూ ఒక శాంపుళ్ల వరుస అనుకోండి. ఇప్పటి శాంపుల్ నుంచి తర్వాతి శాంపుల్‌కు వెళ్లడానికి దేనితో గుణించాలో ఆ బిందువు చెబుతుంది. వ్యాసార్థం 0.9 అయితే ప్రతి అడుగులో పరిమాణం పదో వంతు తగ్గుతుంది. 1.1 అయితే అంతే పెరుగుతూ పోతుంది. కోణం 36° అయితే అడుగుకు 36° తిరుగుతుంది. పెరగకుండా తగ్గకుండా సాగే సైన్ తరంగానికి వ్యాసార్థం సరిగ్గా 1. అందుకే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ అడిగినప్పుడల్లా యూనిట్ సర్కిల్ మీదికి వెళ్తాం. ఆ సర్కిల్‌కు ఇంతకు మించి మహత్యం లేదు.

ఇప్పుడు జీరో అంటే, ఫిల్టర్ పూర్తిగా మింగేసే వరుస. పోల్ అంటే, ఇన్‌పుట్ ఆగిపోయాక కూడా ఫిల్టర్ తనంతట తాను మోగిస్తూ ఉండే వరుస. ఈ రెండు వాక్యాలూ పట్టుకుంటే మిగిలిందంతా లెక్కే.

మీ లెక్కకు వద్దాం. 500 హెర్ట్జ్ అంటే ఒక పూర్తి చుట్టు, 360°. కాబట్టి 50 హెర్ట్జ్ 36° దగ్గర పడుతుంది. 0° దగ్గర డీసీ (అంటే 0 హెర్ట్జ్), 180° దగ్గర 250 హెర్ట్జ్. కోఎఫిషెంట్లు (శాంపుళ్లను గుణించే అంకెలు) రియల్ కావాలి కాబట్టి +36°, −36° రెండు చోట్లా సర్కిల్ మీదే ఒక్కో జీరో పెట్టండి. వచ్చే ఫిల్టర్ ఇది:

అవుట్‌పుట్ = ఇప్పటి ఇన్‌పుట్ − 1.618 × కిందటి ఇన్‌పుట్ + అంతకు ముందటి ఇన్‌పుట్

ఆ 1.618 అనేది 36° కొసైన్‌కు రెట్టింపు. (అవును, గోల్డెన్ రేషియోనే. ఫిల్టర్‌కు దానితో పనేమీ లేదు, చూడగానే గుర్తుపట్టడానికి బాగుంటుంది.) నమ్మకం కుదరకపోతే చేత్తో వేసి చూడండి. 500 రేటుతో తీసిన 50 హెర్ట్జ్ కొసైన్ శాంపుళ్లు 1, 0.809, 0.309, −0.309, −0.809 అలా సాగుతాయి. మూడో శాంపుల్ దగ్గర అవుట్‌పుట్ 0.309 − 1.309 + 1, అంటే సున్నా. నాలుగో దగ్గర −0.309 − 0.5 + 0.809, మళ్లీ సున్నా. సైన్‌తో మొదలుపెట్టినా, ఏ ఫేజ్‌తో మొదలుపెట్టినా ఇంతే. మూడు శాంపుళ్లు చాలు, హమ్ మాయం.

మరి ఇంత సులభంగా పోయేదానికి పోల్స్ ఎందుకు? ఇక్కడే దూరాలు కొలవడం మొదలుపెట్టాలి. ఏదైనా ఫ్రీక్వెన్సీ దగ్గర గెయిన్ (అవుట్‌పుట్ ఇన్‌పుట్‌కు ఎన్ని రెట్లో) కావాలంటే సర్కిల్ మీద ఆ కోణం దగ్గర నిలబడి, అన్ని జీరోలకూ ఉన్న దూరాలను గుణించి, అన్ని పోల్స్‌కూ ఉన్న దూరాల గుణకారంతో భాగించాలి. ఫార్ములా అంతే. చాలా పుస్తకాల్లో పోల్స్ దగ్గర కొండలు, జీరోల దగ్గర గుంటలు ఉన్న రంగుల బొమ్మ వేస్తారు. చూడటానికి బాగానే ఉంటుంది గానీ, ఆ బొమ్మతో ఒక్క అంకె కూడా రాదు. స్కేలు పెట్టి దూరం కొలిస్తే వస్తుంది.

పై ఫిల్టర్‌లో పోల్స్ రెండూ కేంద్రంలో ఉన్నాయి (మ్యాట్‌ల్యాబ్ అక్కడ × పక్కన 2 అని వేస్తుంది). కేంద్రం నుంచి సర్కిల్ మీద ఎక్కడికైనా దూరం 1 కాబట్టి గెయిన్ విషయంలో వాటికి పాత్ర లేదు. జీరోల దూరాలే మిగిలాయి. డీసీ దగ్గర నిలబడితే వాటి గుణకారం 0.382. ఈసీజీలో క్యూఆర్ఎస్ (ప్రతి గుండె స్పందనలో కనిపించే పదునైన ముల్లు) బలం బాగా ఉండే 20 హెర్ట్జ్ దగ్గర 0.319. 40 దగ్గర 0.135. 100 హెర్ట్జ్ దగ్గర సరిగ్గా 1. చివరన 250 దగ్గర 3.618. అంటే హమ్ పోయింది గానీ, గుండె సిగ్నల్ మూడో వంతుకు పడిపోయింది, కండరాల నాయిస్, ఏడీసీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే భాగం) నాయిస్ ఉండే పై భాగం మూడున్నర రెట్లు పెరిగింది. రెండు కొసలకూ మధ్య తేడా తొమ్మిదిన్నర రెట్లు. ఇది ఫిల్టర్ తప్పు కాదు. ఒక చోట గుంట తీయమన్నాం, మిగతాచోట్ల నేల చదునుగా ఉండాలని చెప్పలేదు.

ఆ మాట చెప్పేది పోల్. ప్రతి జీరో వెనకాలే, అదే కోణంలో, కొంచెం లోపలికి ఒక పోల్ పెట్టండి. 0.95 వ్యాసార్థం అనుకుందాం. దూరంగా నిలబడి చూసేవాడికి జీరో, పోల్ దాదాపు ఒకే చోట ఉన్నట్టు కనిపిస్తాయి. దూరాలు సమానం, నిష్పత్తి 1. దగ్గరికి వచ్చాకే తేడా తెలుస్తుంది. పై ఫిల్టర్‌కు "+ 1.537 × కిందటి అవుట్‌పుట్ − 0.9025 × అంతకు ముందటి అవుట్‌పుట్" అన్న ముక్క చేరుతుంది. 0.9025 అంటే వ్యాసార్థం వర్గం, 1.537 అంటే వ్యాసార్థం రెట్టింపును 36° కొసైన్‌తో గుణించింది. ఇప్పుడు గెయిన్ డీసీ దగ్గర 1.045, 250 దగ్గర 1.052. 40 హెర్ట్జ్ దగ్గర చేత్తో వేద్దాం: అది 28.8° దగ్గర ఉంది. దగ్గరి జీరో దూరం 0.1256, దగ్గరి పోల్ దూరం 0.1322. కింది వైపు జత దూరాలు 1.072, 1.046. మొత్తం గెయిన్ 0.97. ఇందాక 0.135 ఉన్నచోట ఇప్పుడు 0.97. డీసీ గెయిన్ 1 కావాలంటే అంతటినీ 1.045తో భాగించండి, అయిపోతుంది.

నాచ్ వెడల్పుకు ఒక అంచనా గుర్తుంచుకోండి: (1 − వ్యాసార్థం) ను శాంప్లింగ్ రేటుతో గుణించి 3.14తో భాగించాలి. 0.95కు దాదాపు 8 హెర్ట్జ్ వస్తుంది, అంటే సుమారు 46 నుంచి 54 వరకు 3 డీబీకి మించి (సుమారు 0.7 వంతు కంటే కిందికి) తగ్గుతుంది. 0.99కు 1.6 హెర్ట్జ్. 0.999కు 0.16 హెర్ట్జ్. పైథాన్ లైబ్రరీ సైపైలో ఐఐఆర్‌నాచ్ ఫంక్షన్ వాడేవాళ్లు క్యూ విలువ (నాచ్ ఫ్రీక్వెన్సీని వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 30 పెడుతుంటారు కదా, 50 హెర్ట్జ్‌ను 30తో భాగిస్తే 1.67. మీ భాషలో అది దాదాపు 0.99 వ్యాసార్థమే.

ఇక్కడిదాకా చూస్తే మీరన్నది నిజమే అనిపిస్తుంది, 0.999 అన్నిటికంటే మంచిది. ఇప్పుడు వ్యాసార్థాన్ని జ్ఞాపకంగా చదవండి.

ఫిల్టర్‌ను సున్నా స్థితి నుంచి మొదలుపెట్టారు, ఇన్‌పుట్‌లో మొదటి శాంపుల్ నుంచే హమ్ ఉంది. జీరోలు మాత్రమే ఉన్న ఫిల్టర్ మూడో శాంపుల్‌కల్లా దాన్ని తీసేసింది. పోల్ చేరాక అలా జరగదు. 36° దగ్గరి జీరో, పోల్ జత ఒక్కదాన్నే తీసుకుని హమ్ పంపితే, అవుట్‌పుట్‌లో మిగిలే హమ్ ప్రతి శాంపుల్‌కూ పోల్ వ్యాసార్థంతో గుణించుకుంటూ తగ్గుతుంది. అంతకంటే వేగంగా తగ్గదు. ఒక శాతానికి పడాలంటే 0.95కు 90 శాంపుళ్లు పడతాయి, 0.18 సెకను. 0.99కు 458 శాంపుళ్లు, 0.92 సెకను. 0.999కు దాదాపు 4,600 శాంపుళ్లు, 9 సెకన్లు దాటుతుంది. మామూలుగా ఆసుపత్రిలో తీసే 12 లీడ్ల ఈసీజీ నిడివి 10 సెకన్లు. మీ ఫిల్టర్ హమ్‌ను పూర్తిగా తీసేసే లోపు రికార్డింగ్ అయిపోతుంది. పేషెంట్ చేయి కదిపి ఎలక్ట్రోడ్ కాంటాక్ట్ మారిందంటే హమ్ పరిమాణం మారుతుంది, మళ్లీ తొమ్మిది సెకన్లు మొదటికి.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50.000 దగ్గర మేకు కొట్టినట్టు ఉండదు. గ్రిడ్ కోడ్ పెట్టిన హద్దులే 49.90 నుంచి 50.05 హెర్ట్జ్. లోడ్ పెరిగితే తగ్గుతుంది, తగ్గితే పెరుగుతుంది. ఇప్పుడు 49.9 దగ్గర నిలబడి దూరాలు కొలవండి. 50 నుంచి పదో వంతు హెర్ట్జ్ అంటే సర్కిల్ మీద 0.00126 దూరం. ఇదీ జీరో దూరం. పోల్ 0.95 దగ్గర ఉంటే దాని దూరం 0.05, నిష్పత్తి 0.025. హమ్‌లో రెండున్నర శాతం మిగిలింది, ఫర్వాలేదు. 0.99 అయితే పోల్ దూరం 0.0101, మిగిలేది 12 శాతం. 0.999 అయితే పోల్ దూరం 0.0016, నిష్పత్తి 0.78. అంటే హమ్‌లో 78 శాతం మీ అవుట్‌పుట్‌లోకి దర్జాగా వచ్చేస్తుంది! బొమ్మలో నాచ్ మాత్రం కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. సిమ్యులేషన్‌లో మీరు సరిగ్గా 50.000 సైన్ కలిపి పరీక్షించారు కాబట్టి అద్భుతంగా పనిచేసింది. నిజం డేటాలో పనిచేయదు.

మీకైతే 0.97, 0.98 మధ్యలో పెట్టమంటాను. 0.98 దగ్గర వెడల్పు 3.2 హెర్ట్జ్, 49.9 దగ్గర మిగిలేది 6 శాతం, సర్దుకోవడానికి పట్టేది అర సెకను లోపే. ఇంకా సన్నగా కావాలంటే పోల్‌ను బయటికి తోయడం దారి కాదు. హమ్ ఫ్రీక్వెన్సీని వెంటాడే అడాప్టివ్ ఫిల్టర్‌కు వెళ్లాలి.

క్యూఆర్ఎస్ తర్వాత సన్నటి అలలు కనిపిస్తున్నాయని మీరు పెట్టిన బొమ్మలో ఉన్నది కూడా ఇదే. క్యూఆర్ఎస్ లాంటి పదునైన దెబ్బ తగిలితే పోల్ మోగుతుంది. దాని ఎత్తు సుమారు 2 × (1 − వ్యాసార్థం). 0.95కు పదో వంతు, త్వరగా ఆగుతుంది. 0.99కు యాభయ్యో వంతు, ఎక్కువసేపు సాగుతుంది. ఎత్తుగా కాసేపా, సన్నగా చాలాసేపా అన్నదే మీరు ఎంచుకోగలిగేది, అసలు మోగకుండా ఉండేది లేదు. ఎవరో మీకు ఫిల్ట్‌ఫిల్ట్ వాడమని సలహా ఇచ్చారు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి రెండుసార్లు నడిపితే ఫేజ్ వక్రీకరణ (ఒక్కో ఫ్రీక్వెన్సీ ఒక్కో లెక్కన ఆలస్యమవడం) పోతుంది, నిజమే. అయితే రెండోసారి నడిచేటప్పుడు మోత క్యూఆర్ఎస్‌కు ముందు వైపుకు కూడా పాకుతుంది. కారణం కంటే ముందే ఫలితం కనిపించే సిగ్నల్‌ను డాక్టర్‌కు చూపిస్తే, పీ తరంగానికీ (క్యూఆర్ఎస్‌కు ముందు వచ్చే చిన్న అలకూ) క్యూఆర్ఎస్‌కూ మధ్య ఏదో ఉందని అనుకునే ప్రమాదం ఉంది. పైగా రియల్ టైమ్‌లో అది కుదరదు.

ఎంఐటీ-బీఐహెచ్ సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. ఆ డేటా బోస్టన్‌లో తీసింది, శాంప్లింగ్ రేటు 360 హెర్ట్జ్, అక్కడి కరెంటు 60 హెర్ట్జ్. మీ ఫిల్టర్‌కు హెర్ట్జ్ అంటే ఏమిటో తెలియదు, కోణమే తెలుసు. 36° దగ్గర గుంట తీయమన్నారు, తీసింది. 360 రేటు మీద 36° అంటే 36 హెర్ట్జ్. హమ్‌ను ముట్టుకోకుండా గుండె సిగ్నల్‌లో ముక్క కోసింది. ఆ డేటాకు కావాల్సిన కోణం 60°, దాని కొసైన్ రెట్టింపు సరిగ్గా 1. కాబట్టి జీరోల భాగం "ఇప్పటిది − కిందటిది + అంతకు ముందటిది", గుణకారమే లేదు. ఇంకో సదుపాయం: మీ హార్డ్‌వేర్‌లో రేటు మీ చేతిలో ఉంటే 200 హెర్ట్జ్ పెట్టి చూడండి. 50 హెర్ట్జ్ 90° దగ్గర పడుతుంది, మధ్య కోఎఫిషెంట్ సున్నా అవుతుంది. చిన్న మైక్రోకంట్రోలర్లకు ఇది చాలా కలిసొస్తుంది. 200 రేటుకు 100 హెర్ట్జ్ పైన ఏమీ మిగలదని మరచిపోకండి, మానిటరింగ్‌కు చాలు గానీ డయాగ్నోసిస్ నాణ్యత ఈసీజీకి సరిపోదు.

మైక్రోకంట్రోలర్ మాట వచ్చింది కాబట్టి కోఎఫిషెంట్ల రౌండింగ్ గురించి. మీ నాచ్‌ను 8 బిట్లలో, అంటే 64లో ఒక వంతు మెట్లతో రాశారనుకోండి. 1.618 కాస్తా 1.625 అవుతుంది, జీరో 35.66°కు జరిగి 49.5 హెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది. 1.537 పోయి 1.531, 0.9025 పోయి 0.906 అవుతాయి, పోల్ 36.46°కు, అంటే 50.6 హెర్ట్జ్‌కు వెళ్తుంది. జత విడిపోయింది. సరిగ్గా 50 దగ్గర 12 శాతం హమ్ మిగులుతుంది. 16 బిట్లలో రాస్తే జరుగుబాటు హెర్ట్జ్‌లో వందో వంతు కూడా ఉండదు. కాబట్టి బోర్డు మీద ఫిల్టర్ సరిగా పనిచేయనప్పుడు ముందు చేయాల్సింది కోడ్ చదవడం కాదు. రౌండ్ చేసిన కోఎఫిషెంట్లనే తిరిగి మ్యాట్‌ల్యాబ్‌కు ఇచ్చి రూట్స్ తీయండి, పోల్స్ ఎక్కడికి వెళ్లాయో చూడండి.

మ్యాట్‌ల్యాబ్‌లో ఈ బొమ్మ గీసే జెడ్‌ప్లేన్ కమాండ్ వాడేటప్పుడు ఒక జాగ్రత్త. అడ్డంగా ఉన్న వెక్టర్లు ఇస్తే వాటిని కోఎఫిషెంట్లుగా తీసుకుంటుంది, నిలువుగా ఇస్తే అవే జీరోలు, పోల్స్ అనుకుంటుంది. ఎర్రర్ రాదు, తప్పు బొమ్మ వస్తుంది. పోల్స్ −1.537 దగ్గరో మరో వింత చోటో రియల్ అక్షం మీద కనిపిస్తే మొదట దీన్నే అనుమానించండి.

బేస్‌లైన్ వాండర్ (ఈసీజీ గీత మొత్తం మెల్లగా పైకీ కిందికీ ఊగడం) తీయడానికి మీరు పెట్టిన 0.5 హెర్ట్జ్ హైపాస్ (అంతకు కింది ఫ్రీక్వెన్సీలను ఆపేది), నాలుగో ఆర్డర్ బటర్‌వర్త్ రకం, అది సింగిల్ ప్రెసిషన్‌లో (32 బిట్ల అంకెల్లో) పేలిపోవడం గురించి కూడా అడిగారు. ఇక్కడ బొమ్మ గీస్తే ఒక్క చూపులో అర్థమవుతుంది. 500 రేటు మీద 0.5 హెర్ట్జ్ అంటే 0.36°. నాలుగు పోల్స్ కూడా 1 అనే బిందువు చుట్టూ 0.0063 దూరంలోనే గుమిగూడి ఉంటాయి. నాలుగు రూట్స్ ఒకే చోట ఉన్న పాలినామియల్‌లో కోఎఫిషెంట్ పొరపాటుకు నాలుగో మూలం అంత దూరం రూట్స్ కదులుతాయి. సింగిల్ ప్రెసిషన్ పొరపాటు కోటిలో ఒక వంతు కంటే చిన్నదే, సుమారు 0.00000006. దాని నాలుగో మూలం 0.0157. సర్కిల్ 0.0063 లోపు దూరంలోనే ఉంది, పోల్ 0.0157 దాకా కదలగలదు. బయట పడటంలో ఆశ్చర్యమేముంది? నాలుగో ఆర్డర్‌ను ఒకే ముక్కగా రాయకండి, రెండేసి పోల్స్ ఉన్న సెక్షన్లుగా విడగొట్టండి. అప్పుడు నాలుగో మూలం బదులు వర్గమూలం వస్తుంది, 0.00025. ఊపిరి పీల్చుకోవచ్చు. ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీకి ఏ టూల్‌లోనైనా కోఎఫిషెంట్ల రూపం కాకుండా సెకండ్ ఆర్డర్ సెక్షన్ల రూపమే అడగడం అలవాటు చేసుకోండి.

అదీగాక ఆ 0.5 హెర్ట్జ్ ఎంపిక మీద నాకు వేరే అభ్యంతరం ఉంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సిఫార్సుల్లో మామూలు ఫిల్టర్‌కు కింది హద్దు 0.05 హెర్ట్జ్. ఫేజ్ వక్రీకరణ లేని డిజిటల్ ఫిల్టర్ అయితేనే 0.67 దాకా సడలిస్తారు. ఎందుకంటే ఎస్టీ సెగ్మెంట్ అనేది క్యూఆర్ఎస్ తర్వాత నెమ్మదిగా సాగే భాగం, ఫేజ్ చెడితే అది పైకో కిందికో వంగి గుండెపోటు గుర్తులా కనిపించొచ్చు. దీన్ని కూడా వ్యాసార్థంతో చదవొచ్చు. ఒక్క పోల్ ఉన్న 0.5 హెర్ట్జ్ ఫిల్టర్‌కు పోల్ 0.9937 దగ్గర, జ్ఞాపకం 0.32 సెకను. అంటే ఒక్క గుండె స్పందన నిడివి లోపలే ఫిల్టర్ మరచిపోవడం మొదలవుతుంది. 0.05కు పోల్ 0.99937 దగ్గర, జ్ఞాపకం 3.2 సెకన్లు. ఇక్కడ పోల్ సర్కిల్‌కు అంటుకునే ఉండాలి. నాచ్‌కు తప్పు అన్నది దీనికి ఒప్పు. మంచి వ్యాసార్థం, చెడ్డ వ్యాసార్థం అని విడిగా లేవు, సిగ్నల్‌లో మీరు కాపాడాలనుకున్న ముక్క ఎంతసేపు ఉంటుందన్నదాన్ని బట్టి ఉంటుంది.

పోల్ సరిగ్గా సర్కిల్ మీదే ఉంటే? "అన్‌స్టేబుల్, వాడకూడదు" అని రాసేస్తారు పరీక్షల్లో. 1985లో పాన్, టాంప్‌కిన్స్ ప్రచురించిన క్యూఆర్ఎస్ గుర్తించే పద్ధతిలో లోపాస్ ఫిల్టర్‌కు 1 దగ్గర రెండు పోల్స్ ఉన్నాయి, అక్షరాలా సర్కిల్ మీద. అదే చోట రెండు జీరోలు వాటిని కొట్టేస్తాయి. ఇన్‌పుట్, కోఎఫిషెంట్లు అన్నీ పూర్ణాంకాలు కాబట్టి కొట్టివేత ఖచ్చితం, చిల్లర మిగలదు, డీసీ గెయిన్ సరిగ్గా 36. మిగతా జీరోలు 60° నుంచి మొదలవుతాయి, వాళ్ల 200 హెర్ట్జ్ రేటు మీద మొదటిది 33.3 హెర్ట్జ్. గుణకారాలు చేయలేని ఆనాటి ప్రాసెసర్ల కోసం చేసిన పని అది, ఈనాటికీ చక్కగా నడుస్తుంది. ఇదే ఫిల్టర్‌ను ఫ్లోటింగ్ పాయింట్‌లోకి మార్చి గంటల తరబడి నడిపితే మాత్రం, రౌండింగ్ చిల్లర ఆ రెండు పోల్స్‌లో పోగుపడి అవుట్‌పుట్ మెల్లగా పక్కకు జారిపోతుంది. బొమ్మలో × మీద ○ పడి రెండూ మాయమైనట్టు కనిపించినంత మాత్రాన, లోపల పోల్ లేనట్టు కాదు.

చివరగా, పోల్స్ సిస్టమ్‌కే కాదు, సిగ్నల్‌కు కూడా ఉంటాయి. మీ తర్వాతి ప్రాజెక్టు స్పీచ్ మీద అన్నారు కాబట్టి ఒక్క మాట. అచ్చు పలికినప్పుడు నోటి కుహరంలో వచ్చే ప్రతి ఫార్మెంట్ (అక్కడ బలపడే ఫ్రీక్వెన్సీ) ఒక పోల్ జత. 8,000 రేటు మీద 700 హెర్ట్జ్ ఫార్మెంట్, 100 హెర్ట్జ్ వెడల్పుతో ఉంటే కోణం 31.5°, వ్యాసార్థం 0.96. అందుకే పోల్స్ మాత్రమే ఉన్న ఎల్‌పీసీ (లీనియర్ ప్రిడిక్టివ్ కోడింగ్) మోడల్ అచ్చులకు అంత బాగా సరిపోతుంది. మ, న, ణ దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. గాలి ముక్కులోంచి పోతుంటే మూసుకున్న నోరు పక్క గదిలా మిగిలి కొన్ని ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది, అవి జీరోలు. వాటిని పోల్స్‌తో అనుకరించాలంటే చాలా పోల్స్ ఖర్చవుతాయి.

ఇప్పుడు మీ పని. ఫిల్టర్ వేయకముందు డేటా స్పెక్ట్రమ్ ఒకసారి తీయండి. 50 దగ్గర గీత సన్నగా ఉందా, కాస్త పరుచుకుని ఉందా చూడండి, వ్యాసార్థం దాన్ని బట్టే. 100, 150 దగ్గర కూడా గీతలుంటే 72°, 108° దగ్గర ఇంకో రెండు జతలు కావాలి. పది శాంపుళ్ల కిందటిదాన్ని తీసేసే కోంబ్ ఫిల్టర్‌తో అన్నీ ఒకేసారి పోతాయి కదా అనుకోవద్దు, దానికి 0° దగ్గర కూడా ఒక జీరో ఉంది, మళ్లీ ఎస్టీ సెగ్మెంట్ గొడవ మొదలవుతుంది. స్పెక్ట్రమ్ బొమ్మ, కోఎఫిషెంట్లు ఎన్ని బిట్లలో పెడుతున్నారో రెండూ ఇక్కడ పెడితే, పోల్ ఎక్కడ పెట్టాలో అంకెలతో సహా చూద్దాం.